జీపు షాఫ్టు ఫ్లాంజీలు : రంధ్రములు కలిసిన చాలునా?

1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడిన నాటి నుండి 1980లలో మండలములు వచ్చువరకు, పల్లెవారికి ప్రభుత్వమనగా మొదట కంటబడినది సమితి జీపు. దుమ్ము రేపుకొనుచు అది పొలిమేర దాటినదో లేదో, విస్తరణాధికారి వచ్చిరనియో, టీకాలవారు వచ్చిరనియో, రాత్రికి చావడి ముందు సినిమా వేయుదురనియో పిల్లలు ఊరంతటికి చాటెడివారు. ఆ కాలము గడచిపోయినది. ప్రభుత్వ వాహనములలో 15 సంవత్సరములు దాటినవాటి రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదను నిబంధన వచ్చిన పిదప, కార్యాలయముల ఆవరణలలో మిగిలిన కొద్దిపాటి పాత జీపులకును సెలవు చెప్పవలసివచ్చినది.

అయినను జీపు పల్లెను విడిచిపోలేదు. రైతుల ఇండ్లలోను, అద్దెబండ్ల యజమానుల వద్దను పాత జీపులు ఇంకను నడచుచున్నవి. కొండదారులలో సంతకు పోవువారికి, పురుటినొప్పుల మనిషిని ఆసుపత్రికి చేర్చువారికి పలుచోట్ల అదే ఆధారము. వేసవిలో నీళ్ళ ట్యాంకరును లాగించుటకు పంచాయతీ అద్దెకు పిలుచునది కూడ ఒక్కొక్కచోట ఇట్టి జీపునే. అద్దె పంచాయతీ నిధినుండి చెల్లును. ఎక్కువారు మన ఊరివారు. కనుక దాని అడుగుభాగమున నాలుగు బోల్టులతో బిగింపబడు ఒక చిన్న అతుకును గూర్చి పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము.

రెండేండ్ల క్రిందట వేసవిలో ప్రచార కార్యక్రమమునకై నేనొక కొండప్రాంతపు పంచాయతీకి పోయితిని. పై గూడెమునకు నీరు తీసికొనిపోవుచున్న జీపులోనే నాకును చోటిచ్చిరి. వెనుక నీళ్ళ ట్యాంకరు. మలుపు తిరిగి ఎగువకు ఎక్కుచుండగా కాళ్ళక్రింద పెద్ద చప్పుడైనది. ఇంజను ఒక్కసారిగా హోరుమన్నది. బండి మాత్రము ముందుకు సాగక ఆగి, ట్యాంకరు బరువునకు వెనుకకు జారసాగినది. డ్రైవరు చేతి బ్రేకు లాగెను. జీపు నిలువలేదు. కాలి బ్రేకును బలముగా త్రొక్కిపట్టగా, వెనుక నడచివచ్చుచున్న కుర్రవాండ్రు పరుగున వచ్చి చక్రముల క్రింద రాళ్ళు పెట్టిరి. అంతటితో ప్రాణములు కుదుటబడినవి గాని, గూడెమువారు ఆనాడు సాయంకాలము వరకు బిందెలు వరుసగా పెట్టుకొని కూర్చుండవలసివచ్చినది.

క్రిందికి వంగి చూచితిమి. వెనుక చక్రములకు శక్తిని కొనిపోవు షాఫ్టు ముందుకొన ఊడి నేలమీద పడియున్నది. దానిని పట్టియుంచవలసిన నాలుగు బోల్టులలో మూడు తెగినవి. నాల్గవది వంగి బయటకు వచ్చినది. సంగతి విచారింపగా, అంతకు కొన్ని వారముల ముందు జీపు ట్రాన్స్‌ఫర్ కేసు పాడైనదనియు, పట్టణములో పాతసామానుల దుకాణమునుండి మరియొకటి తెచ్చి వేయించితిమనియు యజమాని చెప్పినాడు. కొత్తగా వచ్చిన కేసు ఫ్లాంజికి నాలుగు రంధ్రములే. షాఫ్టు ఫ్లాంజికిని నాలుగే. కాని కొద్దిపాటి తేడా వచ్చినందున మెకానిక్కు గుండ్రని ఆకురాయితో రంధ్రములను సాగదీసి బోల్టులు ఎక్కించినాడట.

అక్కడ చేరిన వార్డు సభ్యుడొకరు నన్నడిగిన ప్రశ్న ఇది: "బోల్టులు నాలుగూ పట్టాయి కదండీ, బిగించాడు కూడాను. మరి ఎందుకు తెగినట్టు?"

ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

అతుకు చేయు పని

నాలుగు చక్రములకును శక్తి నందించు జీపులో గేరుపెట్టెను ఆనుకొని వెనుక మరియొక చిన్న పెట్టె ఉండును. ఇంజను శక్తిని ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు పంచునది ఇదియే. దీనినే ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. దీనినుండి ముందుకొకటి, వెనుకకొకటి గొట్టపు షాఫ్టులు బయలుదేరును. చక్రములు గతుకులలో పైకి క్రిందికి ఆడుచుండును గాని పెట్టె చట్రమునకు బిగింపబడి కదలక ఉండును. కనుక షాఫ్టు రెండు కొనలందును అన్నివైపులకు వంగగల కీళ్ళుండవలెను. శిలువ ఆకారపు ఉక్కుముక్క, దాని నాలుగు కొనలకు నాలుగు కప్పులు - ఇదియే ఆ కీలు. మెకానిక్కులు దీనిని క్రాసు అని పిలుతురు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరును ఈ కీలునకు నేటికిని చెప్పుచుందురు.

ఈ కీలును ట్రాన్స్‌ఫర్ కేసునకు కలుపు ఉక్కు బిళ్ళలే ఫ్లాంజీలు. కేసు నుండి వచ్చు గాడుల కడ్డీ మీద ఒక ఫ్లాంజి కూర్చుండును. నడుమ ఒక పెద్ద నట్టు దానిని పట్టియుంచును. షాఫ్టు కొననున్న ఫ్లాంజి దీనికి ముఖాముఖిగా చేరును. ఈ రెండింటిని సాధారణముగా నాలుగు బోల్టులు బిగించును. కొన్ని పాత జీపులలో ఈ ఫ్లాంజీలే ఉండవు. క్రాసును యు ఆకారపు బోల్టులతో నేరుగా కేసు యోకునకే బిగింతురు. అట్టి కేసునకు ఫ్లాంజి గల షాఫ్టును తెచ్చిన, యోకును మార్చినగాని అతుకు కుదరదు.

ఇచ్చట పడు బలము ఎంతో లెక్కవేసి చూతము. అమెరికాలో విల్లీస్ సంస్థ 1945లో సామాన్య పౌరుల కొరకు తెచ్చిన సీజే-2ఏ జీపునే తీసికొందము. మన దేశమునను 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలైనది. మనము చూచు పాత జీపులలో పెక్కింటికి వంశమూలము అదే. సీజే-2ఏ ఇంజను బలము 60 అశ్వములు. దాని తిప్పుడుబలము సుమారు 14.5 కిలోగ్రాము-మీటరులు, అనగా మీటరు పొడవు గల కడ్డీ చివర పదునాలుగున్నర కిలోల బరువు వ్రేలాడదీసినంత. మొదటి గేరులో ఇది 2.8 రెట్లయి, సుమారు 40 కిలోగ్రాము-మీటరులగును. వెనుక చక్రములు మాత్రమే లాగుచున్నప్పుడు ఈ బలమంతయు వెనుక షాఫ్టు మీదనే పడును. బోల్టులు నడిబిందువునుండి 4 సెంటీమీటరుల దూరమున ఉన్నవనుకొనిన, వాటి వద్ద ఇది 1,000 కిలోల లాగుడగును. ఒక్కొక్క బోల్టు వంతుకు 250 కిలోలు. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు కూడ వేసినచో బలము మరి సుమారు రెండున్నర రెట్లగును. దానిని రెండు షాఫ్టులును పంచుకొనును గాని, బురదలో ముందు చక్రములు పట్టు తప్పినపుడు అధికభాగము వెనుకకే వచ్చును. ట్యాంకరుతో క్లచ్చిని ఒక్కసారిగా వదలినపుడు కలుగు కుదుపు ఈ లెక్కలో చేరలేదు.

ఇంతటి బలమును బోల్టు అడ్డముగా నిలిచి మోయవలెనని మన మనుకొందుము. అది పొరపాటు. బోల్టు పని రెండు ఫ్లాంజీల ముఖములను ఒకదానికొకటి గట్టిగా అదిమి పట్టుట. అట్లు అదిమిన ముఖముల నడుమ ఒరపిడియే తిప్పుడుబలమును ఒకదానినుండి మరియొకదానికి దాటించును. ముఖములు జారనంతవరకు బోల్టు సుఖముగా ఉండును. జారినదా, బోల్టు కత్తెర నడుమ పడిన పుల్లవలె అగును. ఆకురాయితో సాగదీసిన రంధ్రము మీద బోల్టు తలకు ఆనుకొనుటకు చోటు చాలదు; బిగింపు కొద్ది దినములకే వదులగును. బండి లాగునపుడు ముఖము ఒకవైపునకు, పల్లములో ఇంజను పట్టి ఆపునపుడు మరియొకవైపునకు జరుగును. ప్రతి జరుగుటకును బోల్టుకొక దెబ్బ. నేను చూచిన బోల్టుల మెడలయందు ఆ దెబ్బల గుర్తులు మెరయుచు కనబడినవి.

తిరగలి మేకు

రంధ్రములు సరిగా కలిసినను అతుకు తప్పగుటకు మరియొక కారణము కలదు. పట్టణముల మెకానిక్కులలోను కొందరు దీనిని అలక్ష్యము చేయుదురు.

మన ఇండ్లలోని తిరగలిని చూడుడు. క్రిందిరాతి నడుమ ఒక మేకు ఉండును. పైరాతి నడిమి రంధ్రము దానిలో కుదురుగా కూర్చుండును. మేకు అరిగినచో రాయి ఊగులాడును, పిండి సమముగా రాదు, త్రిప్పు చేయి నొచ్చును. ఫ్లాంజీలలోను అట్టి మేకు ఉన్నది. ఒక ఫ్లాంజి నడుమ గుండ్రని ఉబ్బు, రెండవదాని నడుమ దానికి సరిపోవు పల్లము ఉండును. లేతు పనివారు దీనిని స్పిగాటు అందురు. షాఫ్టును సరిగా నడిబిందువున నిలుపునది ఈ ఉబ్బు. రంధ్రములలో బోల్టుకు కొద్దిగా సందు ఎట్లును ఉండును గనుక, నడిమిని నిలుపుట బోల్టులవలన కాదు.

పల్లము పెద్దదై ఉబ్బు చిన్నదైనచో షాఫ్టు ఒక ప్రక్కకు తొలగి బిగియును. ఒక మిల్లీమీటరు తొలగినదనుకొందము. కంటికి అది కనబడదు. కాని సీజే-2ఏ జీపు గంటకు 60 కిలోమీటరుల వేగమున పోవునపుడు షాఫ్టు నిమిషమునకు సుమారు 2,500 చుట్లు తిరుగును. షాఫ్టు ఆ కొనన 4 కిలోల బరువున్నదనుకొనిన, ఆ ఒక్క మిల్లీమీటరు వలన సుమారు 28 కిలోల బలము సెకండునకు 42 మారులు దిక్కు మార్చుకొనుచు ట్రాన్స్‌ఫర్ కేసు మూతిని కొట్టుచుండును. మొదట ఆయిల్ సీలు కారును. పిదప బేరింగు అరుగును. సీటు క్రింద గుంయిమను చప్పుడు వచ్చుచున్నను, పాతబండికి చప్పుడు సహజమని మనము సరిపెట్టుకొందుము.

ఉబ్బు పల్లముకన్న పెద్దదైనచో వేరొక ప్రమాదము. ముఖములు పూర్తిగా ఆనవు. నడుమ కాగితము దూరునంత సందు మిగులును. బోల్టులు బిగించినకొలది ఫ్లాంజి అంచు వంగును గాని ముఖములు కలియవు. పల్లపు లోతుకన్న ఉబ్బు ఎత్తు ఎక్కువైనను ఇదే జరుగును. రెండు ఫ్లాంజీలకును పల్లములే ఉండి ఉబ్బు లేని జతలును తటస్థపడును. నడుమ సరియైన కొలతతో కట్టు వేయక అట్టివాటిని బిగింపరాదు.

కొలుచు విధము

కనుక పాతసామానుల దుకాణమునకు పోవుటకు ముందే షాఫ్టు ఫ్లాంజి కొలతలు చేతిలో ఉండవలెను. టేపు దీనికి పనికిరాదు; లేతు పనివాని వద్ద ఉండు వెర్నియర్ కాలిపరు వలయును. ముందుగా ఫ్లాంజి ముఖమును తుడిచి, పలుచగా గ్రీజు రాసి, తెల్లకాగితమును బొటనవ్రేలితో ఒత్తినచో రంధ్రముల రూపమంతయు అచ్చుపడును. ఆ కాగితమును దుకాణమునకు వెంట తీసికొనిపోవచ్చును. అది రూపమును చూపుటకే. మిల్లీమీటరు తేడాను కాగితము పట్టలేదు. అంకెలను దాని మీదనే వ్రాసికొనవలెను.

వ్రాయవలసిన అంకెలలో మొదటిది ఉబ్బు లేక పల్లము వ్యాసము, దాని ఎత్తు లేక లోతు. పిదప రంధ్రపు వ్యాసము. ఆపైన రంధ్రముల నడుమ దూరము. దీనికొక సులువున్నది: ఒక రంధ్రపు ఎడమ అంచునుండి రెండవ రంధ్రపు ఎడమ అంచునకు కొలిచిన, అది నడిమినుండి నడిమికి గల దూరమే. రంధ్రములు చతురస్రముగా ఉన్నచో ఆ దూరమును 1.414 చేత గుణించిన, రంధ్రములన్నిటి గుండ పోవు వలయపు వ్యాసము వచ్చును. ప్రక్కరంధ్రముల దూరము 60 మిల్లీమీటరులైన వలయము 84.8 మిల్లీమీటరులు. కాని చతురస్రమని తొందరపడి నిశ్చయింపరాదు. నిలువున ఒక కొలత, అడ్డమున మరియొక కొలతగా, దీర్ఘచతురస్రముగా రంధ్రములు వేసిన ఫ్లాంజీలు అనేకము. అందుచేత రెండు వైపులను కొలువవలెను. మూలనుండి మూలకును కొలిచి సరిచూచుకొనవలెను. అరిగి సాగిన రంధ్రమును కొలిచిన తప్పు అంకె వచ్చును.

బోల్టుల విషయమున అంగుళముల కొలత, మిల్లీమీటరుల కొలత అను చిక్కు ఒకటి కలదు. పాత విల్లీస్ వంశపు జీపులలో అంగుళపు కొలతలు. తరువాతి వాహనములలో మిల్లీమీటరులు. అంగుళమున ఎనిమిదింట మూడు భాగముల బోల్టు 9.5 మిల్లీమీటరులు. దాని ప్రక్కన 10 మిల్లీమీటరుల బోల్టును పెట్టి చూచిన, అలవాటులేని కంటికి తేడా తెలియదు. ఒకదాని నట్టు మరియొకదాని మీద ఒకటి రెండు చుట్లు ఎక్కనుగూడ ఎక్కును. మర మాత్రము పట్టదు. గట్టిగా బిగించిన నలిగిపోవును.

క్రాసు సంగతియు ఇట్టిదే. 1310 అను వరుసకు చెందిన క్రాసు కప్పు వ్యాసము 27 మిల్లీమీటరులు. 1330 వరుస కప్పు వ్యాసమును అంతే. కప్పులను మాత్రమే చూచువారు రెండును ఒకటేయని మోసపోవుదురు. కాని మొదటిదాని వెడల్పు సుమారు 82 మిల్లీమీటరులు, రెండవదానిది సుమారు 92. ఒక జత కప్పులు ఒక వరుసకును, రెండవ జత మరియొక వరుసకును సరిపడునట్లు చేసిన మిశ్రమ క్రాసులు కొన్ని వరుసల నడుమ దొరకును. అట్టివి వాడుట తప్పు కాదు.

ఇవన్నియు సరిపోయినను, మూతి ఎక్కడ ఉన్నదో చూడనిదే కేసు కొనరాదు. విల్లీస్ జీపులలోని స్పైసర్ 18 అను ట్రాన్స్‌ఫర్ కేసునకు వెనుక మూతి నడుమ లేక కుడివైపునకు తొలగియుండును. వెనుక ఇరుసు నడిమి గుండు కూడ అటువైపునకే తొలగియుండును. అమెరికాలో 1972 నుండి సీజే జీపులకు వేసిన డానా 20 అను కేసునకు వెనుక మూతి నడుమనే ఉన్నది. ఇది పాత ఇరుసు గల జీపునకు వేసినచో ఫ్లాంజీలు కలిసినను షాఫ్టు అడ్డముగా వాలును. కీలు వాలినకొలది దాని తిరుగుడు ఒక్కరీతిగా ఉండదు. 15 డిగ్రీల వాలునకు వేగము ప్రతి చుట్టులో రెండేసి మారులు సుమారు మూడున్నర శాతము హెచ్చి, అంతే తగ్గును. రెండు కొనల కీళ్ళును సమానముగా వాలి, షాఫ్టు రెండు యోకులును ఒకే వరుసలో ఉన్నపుడు ఒకదాని హెచ్చుతగ్గును రెండవది సరిచేయును. షాఫ్టును నడుమ విడదీసి మరల కూర్చునపుడు గాడులలో ఒక పన్ను అటునిటు చేసి వేసిరా, ఈ సర్దుబాటు పోవును. అందుచేత విప్పుటకు ముందే సుద్దతో గాని పొంచుతో గాని రెండు భాగముల మీదను గుర్తు పెట్టవలెను.

కలియనిచో ఏమి చేయవలెను

ఫ్లాంజీలు కలియనపుడు చాలమంది షాఫ్టు వైపే చూతురు. ముందుగా చూడవలసినది కేసు వైపు. నడుమనున్న పెద్ద నట్టు విప్పినచో కేసు ఫ్లాంజి గాడుల మీదనుండి వెలుపలికి వచ్చును. గాడుల సంఖ్య, కొలత ఒకటేయైనచో సరియైన ఫ్లాంజిని అచ్చట ఎక్కింపవచ్చును. ఇంతకన్న మేలైన మార్గము లేదు. అతుకు మొదట కర్మాగారము చేసినట్లే నిలుచును. అది దొరకనపుడు షాఫ్టు కొన ఫ్లాంజిని, అవసరమైన మిశ్రమ క్రాసుతో, మార్చవచ్చును.

ఈ రెండును కుదరనిచో నడుమ వేయు బిళ్ళ ఒకటి చేయించుదురు. ఒక ముఖము కేసు ఫ్లాంజికి, రెండవ ముఖము షాఫ్టు ఫ్లాంజికి సరిపడవలెను. రెండు ముఖములందును ఉబ్బు, పల్లము ఉండవలెను. వాటి నడిబిందువు ఒకటే కావలెను. మంచి లేతు పనివాడు ఎరిగి చేసిననే ఇది నిలుచును. దీని మందము మేరకు షాఫ్టు లోపలికి ముడుచుకొనును గనుక, జారు గాడులలో ఇటునటు చాలినంత ఆట మిగిలినదేమో చూడవలెను. ఆ చూచుట చక్రముల మీద బండి బరువు ఉండగా జరుగవలెను; జాకీ మీద ఇరుసు వ్రేలాడుచుండగా కొలిచిన కొలత నిజము కాదు. పాత ఫ్లాంజి మీదనే కొత్త రంధ్రములు వేయుదమందురా, పాత రంధ్రమునకును కొత్తదానికిని నడుమ గట్టి లోహము మిగులునపుడు, పనిని యంత్రము మీద కొలిచి చేయునపుడు మాత్రమే అది తగును. చేతి డ్రిల్లుతో తగదు.

ఆకురాయి పట్టుట, ఫ్లాంజికి ఫ్లాంజిని వెల్డింగు చేయుట, పెద్ద రంధ్రములో చిన్న బోల్టు వేసి చుట్టును రేకు చుట్టుట - ఈ మూడును నేను చూచినవే. మూడును చౌకయే. షాఫ్టు ముందుకొన ఊడి పడినపుడు బండి వేగముగా పోవుచున్నచో, ఆ కొన రోడ్డులో గ్రుచ్చుకొని షాఫ్టు బండి అడుగును చీల్చవచ్చును. బండి పల్టీ కొట్టవచ్చును. మేము ఎక్కుడులో నెమ్మదిగా పోవుచుండుటయే ఆనాటి అదృష్టము.

చేతి బ్రేకును గూర్చి ఒక హెచ్చరిక

ఆనాడు చేతి బ్రేకు ఎందుకు పనిచేయలేదు? పాత విల్లీస్ నమూనా జీపులలో చేతి బ్రేకు చక్రముల వద్ద ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక మూతి వద్దనే ఒక డ్రమ్ము ఉండి, చేతి బ్రేకు దానిని పట్టుకొనును. ఆ పట్టు షాఫ్టు గుండనే చక్రములకు చేరవలెను. షాఫ్టు ఊడినదా, చేతి బ్రేకు ఉత్త డ్రమ్మును పట్టుకొని నిలుచును. చక్రములు వాటి దారిన అవి పోవును. గేరులో వేసి ఉంచినను వెనుక చక్రములు నిలువవు. రోడ్డు ప్రక్కన షాఫ్టు విప్పుచున్న మెకానిక్కు బండి క్రిందనే పడుకొని ఉండుననునది మరువరాదు. చివరి బోల్టు ఊడిన క్షణమున బండి కదలవచ్చును. పని చదునైన నేల మీద జరుగవలెను. విప్పుటకు ముందే చక్రములకు ముందు వెనుకల గట్టి దిమ్మలు పెట్టవలెను. మీ ఊరిలో ఎవరి జీపు క్రింద ఎవరు దూరుచున్నను, సభ్యులెవరైన అటు పోవుచున్నచో ఒక్కమాట హెచ్చరింపవచ్చును.

బిగించునపుడు ముఖముల మీది తుప్పు, రంగు, గ్రీజు శుభ్రముగా తీయవలెను. బోల్టులు కొత్తవి కావలెను. మిల్లీమీటరుల బోల్టు తలమీద 8.8 గాని 10.9 గాని అంకె ఉండవలెను. అంగుళపు బోల్టు తలమీద మూడు గాని ఆరు గాని గీతలుండును. ఏ గుర్తును లేని బోల్టు తడకల తలుపునకు పనికివచ్చును, దీనికి కాదు. నాలుగింటిని ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగింపవలెను. నూరు కిలోమీటరులు నడచిన పిదప మరల పరీక్షింపవలెను.

పంచాయతీ అద్దెకు తీసికొను వాహనమునకు గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులలో ఏదైన మార్చియున్నచో, యజమానిని మూడు మాటలు అడుగుట సభ్యుల హక్కు: రెండు ఫ్లాంజీల కొలతలు ఎక్కడ వ్రాసియున్నవి? నడిమి ఉబ్బు పల్లములో కుదిరినదా? రంధ్రములకు ఆకురాయి పట్టిరా? మూడవ ప్రశ్నకు జవాబు వినుటకన్న వంగి చూచుట మేలు. సాగిన రంధ్రము బోల్టు తల ప్రక్కన చంద్రవంక వలె కనబడును.

నా జీపు సంగతి చెప్పక విడిచితిని. మరునాడు యజమాని ఇంటికి పోయి, పాడైన పాత ట్రాన్స్‌ఫర్ కేసు ఏమైనదని అడిగితిమి. పశువుల కొట్టములో ఒక మూలనున్నది. దాని మీద కోళ్ళు ఎక్కి కూర్చుండినవి. లోపలి పళ్ళచక్రములు విరిగినవి గాని వెనుక మూతి ఫ్లాంజికి ఏమియు కాలేదు. పొరుగూరినుండి వచ్చిన వృద్ధ మెకానిక్కు నడిమి నట్టు విప్పి, ఆ ఫ్లాంజిని బయటకు లాగి, గాడులు లెక్కించి, కొత్తగా కొనిన కేసు కడ్డీ మీద పెట్టి చూచెను. ఏ బలవంతమును లేక జారి కూర్చున్నది. కొత్త ఆయిల్ సీలు ఒకటి, నాలుగు బోల్టులు, నట్టులు - పట్టణమునుండి తెప్పించిన సామాను అంతే. షాఫ్టు ఫ్లాంజిని చేర్చి కొయ్యసుత్తితో ఒకమారు తట్టగా, ఉబ్బు పల్లములో టక్కున కూర్చుండినది.

"ఇది ఇంట్లోనే ఉందా!" అని యజమాని తల పట్టుకొన్నాడు. వార్డు సభ్యుడు మాత్రము ఒక కాగితము తెచ్చి కొలతలన్నియు చెప్పించుకొని వ్రాసి, జీపు బానెట్టు లోపలివైపున అతికించెను. మధ్యాహ్నమునకు ట్యాంకరు పై గూడెము చేరినది.